సాయంకాలారాధనలో రెండు గీతములు

సంచికా సంపాదకవర్గమువారు మమ్ము ఒక వ్యాసము వ్రాయవలసినదని కోరినప్పుడు మేము కొంత సంకోచించితిమి. మేము పండితులము కాము. మెట్రిక్యులేషను వరకు చదివి, ఒక కార్యాలయమున ముప్పది ఆరు సంవత్సరములు గుమాస్తాగా పనిచేసి, విశ్రాంతి పొందినవారము. త్యాగరాజస్వామిని గూర్చియు, క్షేత్రయ్యను గూర్చియు వ్రాయుటకు మా సమాజమున మాకంటె యోగ్యులు పలువురు కలరు. కావున మేము నలుబది సంవత్సరములుగా శ్రద్ధతో వినుచున్నదియు, ఇట్టి సంచికలలో ఎవ్వరును వ్రాయగా మేము చూడనిదియు నగు విషయము నొకదానిని ఎన్నుకొంటిమి. ఆంగ్లికన్ క్రైస్తవ సంఘపు సాయంకాలారాధనలో గాయకబృందము పాడు రెండు గీతములును, వానికి ఆంగ్ల సంగీతకర్తలు నాలుగు శతాబ్దులకు పైగా కూర్చుచు వచ్చిన సంగీతమును మా విషయము.

తెలుగువారి సంచికలో ఈ ప్రసంగమేల యని కొందరు అడుగవచ్చును. మా సమాధానమిది. మా కుటుంబము మా తాతగారి కాలమున నెల్లూరు సీమనుండి చెన్నపట్టణము చేరినది. ఈ పట్టణపు కోటలోని సెయింట్ మేరీ చర్చి 1680లో ప్రతిష్ఠింపబడినది. అనగా ఈ ఆరాధన ఇచ్చటికి మాకంటె ముందే వచ్చినది. మా కార్యాలయమున మా ప్రక్క బల్లవద్ద పనిచేసిన మిత్రులు గుంటూరు ప్రాంతపు తెలుగు క్రైస్తవులు. వారొక పాత చర్చిలోని గాయకబృందమున బాస్, అనగా అన్నిటికంటె క్రింది స్వరము, పాడుచుండెడివారు. ఒకనాటి సాయంకాలము కార్యాలయము విడిచిన పిమ్మట వారు, "ఊరికే కూర్చుని వినండి. నచ్చకపోతే బస్సెక్కి వెళ్లిపోదురు గాని" యని మమ్ము వెంటబెట్టుకొనిపోయిరి. మేము హిందువులము. చివరి వరుసలో కూర్చుంటిమి. ఆనాడు మేము ఎక్కవలసిన బస్సు మాకు దొరకలేదు.

ముందుగా ఈ గీతములెట్టివో విన్నవింతుము. రెండును లూకా సువార్తలోనివి. మొదటిది మరియ పాట. లాటిను భాషలోని తొలిమాటనుబట్టి దానిని మాగ్నిఫికాట్ అందురు. గర్భవతియైన మరియ కొండసీమలోనున్న తన బంధువు ఎలీసబెతు ఇంటికి పోయి, ఆమె పలుకరింపు విని, పాడిన పది వచనముల పాట యది. అల్పురాలగు తనను దైవము కటాక్షించెననియు, గద్దెలపై నున్న బలవంతులను దింపి అణగియున్నవారిని లేవనెత్తెననియు, ఆకటివారికి కడుపు నింపి కలవారిని రిక్తహస్తములతో సాగనంపెననియు దాని సారాంశము. రెండవది సుమెయోను పాట. దీనికి నుంక్ దిమిట్టిస్ అని పేరు. రక్షకుని చూచువరకు మరణము రాదని దైవమువలన మాట పొందిన సుమెయోను, యెరూషలేము దేవాలయమున శిశువును చేతులలోనికి తీసికొని, ఇక తనకు సెలవు దొరకినదని పలికిన నాలుగు వచనములే ఆ పాట.

ప్రాచీన లాటిను సంప్రదాయమున మొదటి పాటను సంధ్యాప్రార్థనలోను, రెండవ పాటను నిద్రకు ముందటి ప్రార్థనలోను పాడెడివారు. 1549లో ఆర్చిబిషప్ క్రాన్మర్ ఆంగ్లభాషలో ప్రార్థనగ్రంథమును సిద్ధపరచినప్పుడు ఆ రెండు ప్రార్థనలను ఒక్కటిగా కూర్చెను. అందుచే రెండు పాటలును ఒకే సాయంకాలమున చేరినవి. పాతనిబంధన పఠనము తరువాత మరియ పాట, క్రొత్తనిబంధన పఠనము తరువాత సుమెయోను పాట. 1662 నాటి ప్రార్థనగ్రంథమునను ఈ క్రమమే నిలిచినది. జీవితము ఆరంభించుచున్న యువతియు, జీవితమునుండి వెడలుచున్న పురుషుడును కొలది నిమిషముల ఎడముతో మన యెదుటికి వచ్చుట ఈ కూర్పువలన కలిగిన భాగ్యము.

అవే మాటలకు మరల మరల క్రొత్త సంగీతమేల? తెలుగు పాఠకులకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. రంగనాథ రామాయణము, భాస్కర రామాయణము, మొల్ల రామాయణము మనకు కలవు. ఇరువదవ శతాబ్దిలో విశ్వనాథ సత్యనారాయణగారు తమ కల్పవృక్షమునకు మొదట ఈ ప్రశ్ననే వేసికొని సమాధానము చెప్పుకొనిరి. కథ ఒక్కటియే, అనుభవించినవారు వేరు. ఇచ్చట కష్టము మరికొంత హెచ్చు. మన కీర్తనకు పల్లవి కలదు. గాయకుడు ఎచ్చటికి పోయినను తిరిగివచ్చుటకు అదియొక ఇల్లు. ఈ గీతములకు పల్లవి లేదు, ప్రాస లేదు, పాదముల కొలత లేదు. ఇవి వచనములు. ఒక వచనమున వినయము, మరుదానియందు రౌద్రము, ఆ పైదానియందు కరుణ. సామాన్యమైన చర్చిలలో చాంట్ అను చిన్న స్వరక్రమమును ప్రతి వచనమునకును త్రిప్పి త్రిప్పి పాడుదురు. కథీడ్రళ్లలోను, కేంబ్రిడ్జి, ఆక్స్‌ఫర్డ్ కళాశాలల ప్రార్థనాలయములలోను గాయకబృందములు కలవు గనుక, వారికొరకు సంగీతకర్తలు గీతమంతటికిని ప్రత్యేకముగా సంగీతము కూర్చుదురు. అట్టి కూర్పును సర్వీస్ అని వ్యవహరింతురు.

ఇట్టి కూర్పులను తూచుటకు మా తక్కెడ ఒక్కటియే. పాడుచున్నది ఎవరు? మాటలు చూడగా ఒక్క స్త్రీవి, ఒక్క పురుషునివి. పాడునది బృందము. అందునను ఇంగ్లండు కథీడ్రళ్లలో పైస్వరమును శతాబ్దుల తరబడి బాలురే పాడిరి. సాలిస్‌బరీ కథీడ్రల్ 1991లో బాలికల బృందమును ఏర్పరచిన తరువాతనే ఈ పద్ధతి క్రమముగా మారినది. ఒక యువతి పాటను బాలురు పాడుటయు, ఒక్కని వీడ్కోలును ఇరువదిమంది పలుకుటయు వింతయే. ఈ వింతను ఎవరు సత్యముగా మార్చిరో వారే ఈ విద్యలో ఘనులని మా అభిప్రాయము.

ఆరంభకాలపు నియమము మాటకు సంబంధించినది. ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క స్వరము చాలునని క్రాన్మర్ 1544లో రాజునకు వ్రాసిన లేఖలో సూచించెను. జాన్ మెర్బెక్ 1550లో ప్రకటించిన స్వరగ్రంథము దాదాపు ఆ నియమమునకు కట్టుబడినది. మాట స్పష్టముగా వినబడును. అంతకుమించి ఆశింపరాదు. ఎలిజబెత్ రాణి కొలువున నున్న విలియం బర్డ్ ఈ కట్టుబాటును సడలించెను. ఆయన రోమను కథోలికుడు. రాజమతము నవలంబింపనందుకు చిక్కులు పడినవాడు. అట్టివాడు తనది కాని సంఘపు ఆరాధనకు గ్రేట్ సర్వీస్ అను మహత్తరమైన కూర్పును చేసెను. పది స్వరపంక్తుల వరకు విస్తరించు ఆ సంగీతము చాలకాలము మరుగుపడియుండి, ఇరువదవ శతాబ్దిలో ఎడ్మండ్ ఫెలోస్ కృషివలన మరల వెలుగునకు వచ్చినది. యజమానుని విశ్వాసము వేరైనను పనిని మాత్రము లోపము లేకుండ నెరవేర్చుట యేమో గుమాస్తాగిరి చేసిన మాబోటివారికి తెలియును. బర్డ్ చూపిన శ్రద్ధ అంతకంటె గొప్పది. అయినను మా తక్కెడలో గ్రేట్ సర్వీస్ ఒక మహానగరపు ఊరేగింపువలె తోచును. అందు మరియ ముఖము జనసమ్మర్దమున కానరాదు.

బర్డ్ తరువాతి తరమువాడగు ఆర్లాండో గిబ్బన్స్ (1583-1625) కూర్చిన షార్ట్ సర్వీస్ దీనికి భిన్నము. పేరునకు తగినట్లు పొట్టిది. నాలుగు స్వరపంక్తులు. మాటలు ఎక్కడను నలుగవు. ఎవ్వరును ఒంటరిగా ముందునకు వచ్చి పాడరు. మొదట వినినప్పుడు మేము దీనిని చప్పనిదని త్రోసివేసితిమి. ఆ తీర్పును తరువాత మార్చుకొంటిమి. ఆ సంగతి చివర విన్నవింతుము.

పదునేడవ శతాబ్ది మధ్యమున అంతర్యుద్ధముతో ఈ సంగీతము తెగిపోయినది. 1644లో పార్లమెంటు చర్చిలలోని ఆర్గన్లను తొలగింప నాజ్ఞాపించెను. 1660లో రాజరికము మరల నెలకొన్న పిదప బృందములు తిరిగి కూడినవి. కాని పందొమ్మిదవ శతాబ్ది నడుమకు వచ్చుసరికి మరల క్షీణదశ. బృందములలో చాలినందరు గాయకులు లేరనియు, వారికి తగిన వేతనము లేదనియు శామ్యూల్ సెబాస్టియన్ వెస్లీ 1849లో ఒక చిన్న పుస్తకమే ప్రకటించెను. అట్టి కాలమున కేంబ్రిడ్జిలో వామిస్లీ అను సంగీతాచార్యుడు 1855లో డి మైనర్ స్థాయిలో కూర్చిన సర్వీస్ ఒక మలుపు. అందు ఆర్గన్ గాయకుల వెంట నీడవలె నడువక తన మాట తాను పలికినది.

ఆ మలుపును రాజమార్గముగా చేసినవాడు చార్లెస్ విల్లియర్స్ స్టాన్‌ఫర్డ్ (1852-1924). డబ్లిన్‌లో పుట్టి, జర్మనీలో విద్య నేర్చి, కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాలలో ఆర్గన్ వాయించినవాడు. బి ఫ్లాట్ స్థాయిలో ఆయన 1879లో కూర్చిన సర్వీస్ మొదలుకొని ఎ, ఎఫ్, జి, సి స్థాయిలలో వరుసగా వెలువడినవి. మనము తోడి వర్ణమనియు, భైరవి స్వరజతి యనియు చెప్పునట్లు, వారు స్టాన్‌ఫర్డ్ ఇన్ బి ఫ్లాట్, స్టాన్‌ఫర్డ్ ఇన్ జి అని చెప్పుకొందురు. వీనిలో జి స్థాయిలోనిది మా ప్రశ్నకు సూటిగా బదులు చెప్పినది. మాగ్నిఫికాట్‌లో ఒక్క బాలుని కంఠము పైకి లేచును. క్రింద ఆర్గన్ వడివడిగా తిరుగును. మరియ రాట్నము ముందు కూర్చుండి పాడుచున్నట్లు తోచునని వినినవారందరు చెప్పుదురు. రాట్నము మన ఇండ్లలోనిదే గనుక మాకు వివరణ అవసరము లేకపోయెను. అటుపిమ్మట నుంక్ దిమిట్టిస్‌లో ఒక్క బాస్ కంఠము. యువతికి పైస్వరము, వృద్ధునికి క్రిందిస్వరము. బృందము వారి వెనుక నిలుచును. చాలకాలము ఇంతకు మించిన కూర్పు లేదని మేము వాదించుచుంటిమి. మా మిత్రులు బాస్ పాడువారైయుండియు అంగీకరింపలేదు. వారి మనస్సు హెర్బర్ట్ హోవెల్స్‌వైపు ఉండెను.

హోవెల్స్ (1892-1983) స్టాన్‌ఫర్డ్ శిష్యుడు. ఆయన కుమారుడు 1935లో తొమ్మిదేండ్ల ప్రాయమున మరణించెను. ఆ దుఃఖము ఆయన సంగీతమును విడువలేదని ఎరిగినవారందురు. 1945లో కేంబ్రిడ్జి కింగ్స్ కళాశాల బృందమునకు ఆయన కూర్చిన కలీజియమ్ రెగాలే మిక్కిలి ప్రసిద్ధము. ఆపై గ్లోస్టర్ కథీడ్రల్‌కు 1946లోను, లండను సెయింట్ పాల్స్‌కు 1951లోను, ఇట్లు సుమారు ఇరువది ఆలయములకు, కళాశాలలకు ప్రత్యేకముగా కూర్చెను. ఆలయపు కప్పు ఎత్తును, అందు ధ్వని నిలుచు కాలమును మనస్సున నుంచుకొని స్వరములను నడపెను. సెయింట్ పాల్స్ గుమ్మటము క్రింద ధ్వని చాలసేపు మ్రోగును గనుక అచ్చటి స్వరములు నింపాదిగా మారును. స్థాయి పేరు పోయి క్షేత్రము పేరు వచ్చినది. దీక్షితులవారి క్షేత్రకృతులు వినిన చెవులకు ఈ పద్ధతి ఆత్మీయముగా తోచును.

కలీజియమ్ రెగాలే విషయమున హోవెల్స్ రెండు సంకల్పములు చెప్పుకొనెను. బలవంతులను గద్దె దింపు వచనమును పశుబలముతో పాడరాదు, ఇది స్త్రీ పాట. సుమెయోను సౌమ్యుడు, గనుక అతని పాటలో టెనర్ కంఠము ప్రధానము కావలెను. ఈ రెండింటిపై మాకును మా మిత్రులకును జరిగిన వాదములకు లెక్కలేదు. మొదటిదానిపై మా ఆక్షేపణ యిది. గద్దెనెక్కినవారి క్రింద పనిచేసినవారికి ఆ వచనము తియ్యగా పాడుట రుచింపదు. ఒక పేద యువతి రాజుల పతనమును చాటుచుండగా సంగీతము మెత్తబడుట న్యాయమా? మిత్రులు నవ్వి, "ఆవిడ దింపుతానని అనటం లేదండీ. దింపేశాడు అంటోంది. అయిపోయిన పనికి కేకలెందుకు?" అనిరి. మూలమున ఆ క్రియలు భూతకాలమున నున్నమాట నిజము. పాక్షికముగ మేము ఓడితిమి. కాని ఆకలిగొన్నవారి వచనము వచ్చునప్పటికి ఆ మార్దవము కేవలము సౌందర్యముగా మిగిలిపోవు ప్రమాదము కలదని ఇప్పటికిని మా నమ్మకము.

రెండవదానిపై మేము, "వృద్ధునికి టెనర్ కంఠమేమిటండీ?" అంటిమి. వారు లూకా సువార్త తెచ్చి మా బల్లపై నుంచి, "సుమెయోను ముసలివాడని ఇందులో ఎక్కడుందో చూపించండి" అనిరి. మేము భోజన విరామమంతయు వెదకితిమి. లేదు. నీతిమంతుడనియు, భక్తిపరుడనియు, ఎదురుచూచుచున్నవాడనియు మాత్రమే కలదు. వార్ధక్యము పిమ్మటి సంప్రదాయము చేర్చినది. ఇంతకాలము మా తీర్పునకు ఆధారము మూలగ్రంథమున లేదని తెలిసి సిగ్గుపడితిమి. విమర్శకునికి మొదటి ధర్మము మూలమును చదువుట యని ఆనాడు నేర్చుకొంటిమి.

అదే శోధనలో మరియొకటి తెలిసినది. గ్రీకు మూలమున సుమెయోను దైవమును యజమాని యనియు, తనను దాసుడనియు చెప్పుకొనును. అతడు కోరిన క్రియకు విడుదల చేయుట యని అర్థము. అనగా ఇది మరణగీతము కాదు, కొలువునుండి సెలవు. మన తెలుగులో సెలవు అను మాటకు అనుజ్ఞ, విరామము, వీడ్కోలు అను మూడర్థములును కలవు. మనవారు గడప దాటునప్పుడు పోయెదనని అనరు, వెళ్లివచ్చెదనని అందురు. సుమెయోను వచ్చెదనని చెప్పుట లేదు. ఆ గీతపు బరువంతయు అచ్చటనే యున్నది. కావున సంగీతకర్తకు మాగ్నిఫికాట్ కంటె నుంక్ దిమిట్టిస్ కఠినపరీక్ష. మొదటిదానిలో పది వచనములు, పలు రసములు. పొరపాటు దాగిపోవును. రెండవదానిలో నాలుగే వచనములు. దాచుటకు చోటు లేదు.

ఇంకొక చిక్కు కలదు. ప్రతి గీతము చివరను త్రిత్వస్తుతి పాడుట ప్రార్థనగ్రంథపు నియమము. పలువురు సంగీతకర్తలు మాగ్నిఫికాట్ చివర కూర్చిన ఘనమైన స్తుతినే సుమెయోను పాట చివరను మరల ఉంచుదురు. శ్రమ తగ్గును, బృందమునకు అభ్యాసము తగ్గును. కాని నెమ్మదిగా సెలవు తీసికొనిన మనుష్యుని వెనుక బ్యాండుమేళము మ్రోగించినట్లుండును. పదవీవిరమణ సభలు చూచినవారికి ఈ పోలిక బోధపడును. మనిషి గొంతు పెగలక రెండు మాటలు చెప్పి కూర్చుండును. వెంటనే మైకువారు పాట పెట్టుదురు. కలీజియమ్ రెగాలేయందును ఆ స్తుతి రెంటికిని ఒక్కటియే. ఎంత సుందరమైనను అది మాకు లోపముగనే తోచుచున్నది.

మా మిత్రులు మాకంటె రెండేండ్లు ముందు విశ్రాంతి పొందిరి. చివరినాడు తమ బల్ల సొరుగు ఖాళీచేసి, తాళపుచెవి మా చేతికిచ్చి, "నాకు దిమిట్టిస్ వచ్చేసిందండీ" యని నవ్విరి. తరువాత కొలది కాలమునకే వారు కాలధర్మము చెందిరి. వారి శవపేటికను చర్చినుండి వెలుపలికి తీసికొనిపోవునప్పుడు ఈ గీతమునే పాడుట ఆ సంఘపు ఆచారములలో నొకటి. నాటికి ఆ బృందమున మిగిలినవారు ఆరుగురే. అందరును పెద్దవారు. టెనర్ లేడు. బాస్ పేటికలో నుండెను. హోవెల్స్ గాని స్టాన్‌ఫర్డ్ గాని వారివలన కాదు. చాంట్ స్వరక్రమమునే తీసికొని, నాలుగు వచనములను మాట మాటగా, ఒకరి గొంతు ఒకరు ఆనుకొని పాడిరి. ఎవ్వరును ముందునకు రాలేదు. మేము చివరి వరుసలో నిలువబడితిమి.

ఆ సాయంకాలము ఇంటికి వచ్చి గిబ్బన్స్ షార్ట్ సర్వీస్ మరల వింటిమి. మా మనుమడు అమర్చి ఇచ్చిన యంత్రమున ఇప్పుడు ఇవన్నియు దొరకుచున్నవి. బి.బి.సి. వారు 1926లో వెస్ట్‌మినిస్టర్ ఆబీనుండి మొదలిడిన సాయంకాలారాధన ప్రసారమును కూడ అందులోనే వినుచున్నాము. చప్పనిదని మేము త్రోసివేసిన గిబ్బన్స్ కూర్పు ఆనాడు వేరుగా వినబడినది. ఒక్కని సెలవును ఒక్క కంఠమునకిచ్చిన స్టాన్‌ఫర్డ్ మనకు సుమెయోనును చూపెను. హోవెల్స్ ఆతని హృదయమును చూపెను. గిబ్బన్స్ మాత్రము ఆతనిని చూపుట మాని, ఆ సెలవును అందరి నోటను ఉంచెను. వానిది నలుబది ఒక్క సంవత్సరముల జీవితము. వార్ధక్యము నెరుగడు. అయినను, వెడలువాడు ఒక్కడైనను సెలవు పలుకవలసినవారు నిలిచియున్నవారందరు అను సంగతి ఆయన కూర్పులో కలదు. ఒక్కని మాటను ఇరువదిమంది పలుకుట వింత యని మేము మొదట వ్రాసితిమి. ఆ వింతయే ఈ గీతములను సత్యము చేయుచున్నదని ఇప్పుడు మా తీర్పు.

కావున ఈ సంగీతమును వినగోరు పాఠకులకు మా మనవి. మాగ్నిఫికాట్‌కు స్టాన్‌ఫర్డ్ ఇన్ జి వినుడు. సుమెయోను సౌమ్యతకు హోవెల్స్ వినుడు. సెలవునకు గిబ్బన్స్ వినుడు. అవకాశమున్నచో మీ ఊరిలోని పాత చర్చికి ఒక సాయంకాలము పోయి చివరి వరుసలో కూర్చుండుడు. బృందము చిన్నదైనను చింతలేదు. మా తీర్పులలో దోషములున్నచో అవి మా చెవులవి, ఆ గీతములవి కావు. ఇంతటితో పాఠకులయొద్ద సెలవు తీసికొనుచున్నాము.